30 పడకల ఆసుపత్రికి ఏ ఓపెన్ సోర్స్ రికార్డుల సాఫ్ట్‌వేర్?

మా పెదనాన్నగారి అబ్బాయి ఒక చిన్న పట్టణంలో 30 పడకల ఆసుపత్రి నడుపుతున్నాడు. ఒకరోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి, "ఒరేయ్, తొమ్మిదేళ్ల రికార్డులు ఇందులోనే ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోవట్లేదు రా" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మూతపడింది. దాని లైసెన్సు ఏడాదికోసారి వాళ్లే పొడిగించాలి. ఆ గడువు ఆ రోజుతో అయిపోయింది. మర్నాడు పొద్దున ఓపీ కౌంటర్లో పాత పేషెంట్లకే మళ్లీ కొత్త చీటీలు రాసి, "ఇంతకుముందు ఏం మందులు వాడారమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. బీపీ బిళ్ల పేరు ఎవరికి గుర్తుంటుంది? "తెల్లది, చిన్నది" అంటారు.

ఆ తర్వాత మూడు నెలలు ఓపెన్ సోర్స్‌లో (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఉచితంగా వాడుకోగల సాఫ్ట్‌వేర్లలో) ఏమున్నాయో ఒక్కొక్కటీ వేసి చూశాం. ఇలాంటి సందిగ్ధంలోనే ఉన్న డాక్టర్లకు, ట్రస్టు ఆసుపత్రుల వాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఏం చూడాలి

అందరూ ముందు ఫీచర్ల జాబితా చూస్తారు. మేమూ అదే చేశాం, నెల రోజులు వృథా అయింది. ఏ సాఫ్ట్‌వేర్ పేజీ చూసినా రిజిస్ట్రేషన్, ప్రిస్క్రిప్షన్, ల్యాబ్, రిపోర్టులు అన్నీ ఉన్నట్టే రాసి ఉంటుంది. అసలు తేడా వేరే చోట ఉంది.

మొదటిది, డేటా బయటికి రావడం. ఓపెన్ సోర్స్ కాబట్టి వచ్చేస్తుందిలే అనుకోకండి. డేటాబేస్ మీ చేతిలో ఉండటం ఒకటి, అందులోని సంగతి ఇంకొకరికి అర్థమయ్యేలా ఉండటం ఇంకొకటి. జబ్బు పేరును ఒక డాక్టరు "షుగర్" అని, ఇంకొకరు "డీఎం", మరొకరు "టైప్ 2" అని టైప్ చేసి ఉంటే, ఆ డేటా ఎక్కడికి మార్చినా చెత్తే. కోడ్ చేసిన పదకోశం ఉన్న సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ పైచేయి. స్నోమెడ్ సీటీ అనే అంతర్జాతీయ వైద్య పదజాలాన్ని భారతదేశంలో ఉచితంగా వాడుకోవచ్చు. ఆ సంగతి చాలామందికి తెలియదు.

రెండోది, రాత్రి రెండింటికి సర్వర్ ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? ఆవు ఊరికే వచ్చినా మేత మనమే కొనాలి. సాఫ్ట్‌వేర్ ధర సున్నా కావచ్చు. దాన్ని నిలబెట్టే మనిషి జీతం మాత్రం సున్నా కాదు. ఆ మనిషి మీ జిల్లాలో, కనీసం హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరుకుతాడా అన్నది ఫీచర్ల కన్నా పెద్ద ప్రశ్న.

మూడోది ఏబీడీఎం, అంటే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. పేషెంటుకు 14 అంకెల ఆభా నంబరు ఇస్తారు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ దీనితో కలవడానికి మూడు మెట్లు పెట్టారు: ఆభా సృష్టించి సరిచూడటం, మన దగ్గరి రికార్డును పేషెంటు అనుమతితో పంపగలగడం, వేరేచోటి రికార్డును అనుమతితో చూడగలగడం. వీటినే ఎం1, ఎం2, ఎం3 అంటారు. "ఏబీడీఎం ఉంది" అని ఎవరైనా చెబితే, ఏ మెట్టు దాకా అని అడగండి. చాలామంది ఎం1 దగ్గరే ఆగి ఉంటారు.

నాలుగోది, ఆ ప్రాజెక్టు పదేళ్లు బతుకుతుందా? దీని గురించి కింద వివరంగా చెబుతాను, ఎందుకంటే అందరూ దాటేసే ప్రశ్న ఇదే.

చట్టం సంగతి కూడా ఒక మాట. పాత మెడికల్ కౌన్సిల్ నిబంధనల (2002) ప్రకారమే ఇన్‌పేషెంటు (ఐపీ) రికార్డును మూడేళ్లు దాచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో భద్రత సరిగా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. చిన్న ఆసుపత్రికి అంత వేస్తారా అన్నది వేరే విషయం. రిసెప్షన్‌లో అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడే అలవాటు మాత్రం మానుకోవాల్సిందే.

ఒక్క చూపులో (లైసెన్సు, డేటాబేస్ గడుల్లో ఉన్నవి వాటి రకాల పేర్లు)

| సాఫ్ట్‌వేర్ | ఎక్కడ పుట్టింది | లైసెన్సు | డేటాబేస్ | బాగా చేసేది | ఇబ్బంది పెట్టేది |
|---|---|---|---|---|---|
| ఓపెన్‌ఎంఆర్‌ఎస్ | అమెరికా, కెన్యా (2004) | మొజిల్లా 2.0 | మైఎస్‌క్యూఎల్ | క్లినికల్ రికార్డు, కొత్త ఫారాలు | బిల్లింగ్, స్టాకు |
| బామ్ని | ఛత్తీస్‌గఢ్ (2012) | ఏజీపీఎల్ | మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ | ఓపీ, ఐపీ, ల్యాబ్, బిల్లు ఒకేచోట | బరువు, నిర్వహణ |
| ఓపెన్‌ఈఎంఆర్ | అమెరికా (2000ల మొదట్లో) | జీపీఎల్ | మైఎస్‌క్యూఎల్ | ఓపీ క్లినిక్ | ఐపీ, అమెరికా వాసన |
| గ్నూ హెల్త్ | అర్జెంటీనా పల్లెల అనుభవంతో (2008) | జీపీఎల్ | పోస్ట్‌గ్రెస్ | ప్రజారోగ్యం, కుటుంబ చరిత్ర | ఇక్కడ తెలిసినవాళ్లు తక్కువ |
| కేర్ | కేరళ (2020) | ఎంఐటీ | పోస్ట్‌గ్రెస్ | ఐసీయూ, పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం), ఏబీడీఎం | వయసు తక్కువ |
| మార్లీ (పాత పేరు ఫ్రాపే హెల్త్) | భారత్ | జీపీఎల్ | మరియాడీబీ | బిల్లు, జీఎస్టీ, ఫార్మసీ స్టాకు | క్లినికల్ లోతు |

ఓపెన్‌ఎంఆర్‌ఎస్: బామ్నికి పునాది అయినది

ఇండియానాలోని రీగన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్, పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే సేవాసంస్థ కలిసి 2004లో మొదలుపెట్టాయి. కెన్యాలోని ఎల్డొరెట్‌లో హెచ్‌ఐవీ రోగుల సంఖ్య పెరిగిపోయి, ఉన్న పద్ధతి తట్టుకోలేకపోవడమే దీని పుట్టుకకు కారణం. దీని గుండెకాయ "కాన్సెప్ట్ డిక్షనరీ". బరువు, బీపీ, హీమోగ్లోబిన్, దగ్గు ఎన్నిరోజులుగా ఉందన్న ప్రశ్న, ఇలా ప్రతిదీ ఒక కాన్సెప్ట్. నర్సు రాసే ప్రతి విలువా ఏదో ఒక కాన్సెప్ట్‌కు అతుక్కుని ఉంటుంది. అందుకే రేపు డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్ల ఫారం కొత్తగా కావాలంటే డేటాబేస్‌లో టేబుల్ మార్చక్కర్లేదు. కాన్సెప్టులు కలిపి ఫారం చేసుకోవడమే. సీఐఈఎల్ అనే సిద్ధమైన వైద్య పదకోశం కూడా దొరుకుతుంది, మొదటి నుంచి పదాలు కూర్చుకునే పని తప్పుతుంది.

కొత్త మూడో తరం రూపం చూడ్డానికి బాగుంది, ట్యాబ్‌లో పని చేయడానికి అనువుగా ఉంది. కానీ ఇది ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కన్నా, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కట్టుకునే పునాది అనడం సరైనది. కెన్యా తన కోసం కెన్యాఈఎంఆర్ అని, ఉగాండా ఉగాండాఈఎంఆర్ అని కట్టుకున్నాయి. మీ దగ్గర ఇద్దరు జావా ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఉంటే దీన్ని ముట్టుకోండి. లేకపోతే దీని మీదే కట్టిన బామ్నికి వెళ్లండి.

బామ్ని: మన ఊళ్ల ఆసుపత్రిని చూసి కట్టినది

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ ఆసుపత్రి నడుపుతోంది. అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. థాట్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు 2012లో ఆ ఆసుపత్రితో కలిసి బామ్నిని తయారుచేశారు. నేపాల్‌లో అఛామ్ జిల్లాలోని బయల్‌పాట ఆసుపత్రి కూడా దీన్నే తనకు తగ్గట్టు మార్చుకుంది. ఇప్పుడు ఒక్క కంపెనీది కాకుండా అనేక సంస్థల కూటమి చేతిలో ఉంది.

లోపల నిజానికి నాలుగు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి: రికార్డుకు ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబ్‌కు ఓపెన్‌ఎలిస్, బిల్లింగ్‌కు, స్టాకుకు ఒడూ, ఎక్స్‌రే బొమ్మలకు డీసీఎం4చీ. డాక్టరు స్క్రీను మీద సీబీసీ రక్తపరీక్ష రాస్తే అది ల్యాబ్‌కు వెళ్లాలి, బిల్లు కౌంటర్‌కూ వెళ్లాలి. అది బాగా నడిచిన రోజు అద్భుతంగా ఉంటుంది. పేషెంటు డాక్టరు గది నుంచి ల్యాబ్ దాకా నడిచేలోపు అక్కడ పేరు కనిపిస్తుంది, చీటీ పట్టుకుని తిరిగే పని ఉండదు.

నడవని రోజు? ఈ నాలుగింటి మధ్య సమాచారం వరుసగా వెళ్తుంది. మధ్యలో ఒక్కటి చిక్కుకుంటే దాని వెనకవన్నీ ఆగుతాయి. మాకు పరీక్షలో అదే జరిగింది. ఒక మందు పేరు ఒకచోట మార్చి, రెండోచోట మార్చలేదు. ఆ తర్వాత బిల్లులు రావడం ఆగిపోయింది. ఎక్కడ ఇరుక్కుందో పట్టుకోవడానికి సగం రోజు పట్టింది. పైగా లోపలి భాగాల వెర్షన్లను బామ్ని ఎక్కించినప్పుడే మనమూ ఎక్కించాలి. ఒడూ చాలాకాలం పదో వెర్షన్ మీదే ఉండి, ఆ తర్వాతే పదహారుకు మారింది.

సర్వర్ కూడా గట్టిదే కావాలి. 16 జీబీ ర్యామ్ పెట్టుకుంటే నిశ్చింత. చిన్న క్లినిక్‌ల కోసం బామ్ని లైట్ అని తేలిక రూపం ఉంది. ఏబీడీఎం పని కూడా దానితోపాటే ముందుకు నడిచింది.

ఐపీ ఉన్న ఆసుపత్రికి నా ఓటు ఇప్పటికీ దీనికే. ఎందుకంటే పడకల పట్టిక, వార్డు రౌండ్లు, డిశ్చార్జ్, ల్యాబ్ అన్నీ ఒక ఆసుపత్రిలో రోజూ చూసి రాసినవి, ఊహించి రాసినవి కావు.

ఓపెన్‌ఈఎంఆర్: ఒక్క డాక్టరు క్లినిక్‌కు

పీహెచ్‌పీ అనే వెబ్ ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, పాతది, ఎక్కించడం తేలిక. కాలేజీలో వెబ్‌సైట్లు చేసిన కుర్రాడైనా ఒక మధ్యాహ్నంలో నిలబెట్టేస్తాడు. అమెరికా ప్రభుత్వ సర్టిఫికేషన్ కూడా పొందింది. చిక్కు అక్కడే ఉంది. అడుగడుగునా అమెరికా ఇన్సూరెన్సు కోడ్లు, క్లెయిము ఫారాలు, అక్కడి చిరునామా పద్ధతి కనిపిస్తాయి. అవన్నీ ఆపేసి, ఉన్నవాటిలో మనకు కావలసింది మిగుల్చుకోవాలి. ఐపీకి మాత్రం ఇది సరిపోదు.

భద్రత గురించి ఒకటి చెప్పాలి. 2018లో ప్రాజెక్ట్ ఇన్‌సెక్యూరిటీ అనే పరిశోధకుల బృందం దీనిలో 20కి పైగా లోపాలు పట్టుకుంది. దాదాపు 10 కోట్ల మంది రికార్డులు ప్రమాదంలో పడి ఉండేవని వార్తలు వచ్చాయి. లోపాలు బయటపడ్డాక సరిదిద్దారు. అందరి కళ్ల ముందూ ఉన్న కోడ్ కాబట్టే బయటివాళ్లు చూసి చెప్పగలిగారు కదా అని నేను సర్ది చెప్పుకుంటాను. కానీ సరిదిద్దిన వెర్షన్‌ను మీరు ఎక్కించకపోతే ఆ మంచి మీకు అందదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా లాగిన్ పేజీని నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టకండి, వీపీఎన్ (మీవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) వెనక ఉంచండి.

కేర్: కోవిడ్‌లో పుట్టిన బిడ్డ

2020లో కేరళలో కోవిడ్ మొదటి రోజుల్లో స్వచ్ఛందంగా చేరిన సాఫ్ట్‌వేర్ వాళ్లు పడకల లెక్క, రోగుల లెక్క కోసం దీన్ని కట్టారు. తర్వాత కేరళ పాలియేటివ్ కేర్‌లోకి, తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన పది పడకల ఐసీయూల్లోకి వెళ్లింది. దూరం నుంచి స్పెషలిస్టు ఐసీయూ రోగిని చూసే ఏర్పాటు దీని ప్రత్యేకత. ఆరోగ్య డేటా ఇచ్చిపుచ్చుకునే ఫైర్ (FHIR) ప్రమాణాన్ని అనుసరించి కట్టారు. ఏబీడీఎం కూడా అదే ప్రమాణం మీద నడుస్తుంది కాబట్టి వీళ్లకు ఆ పని కొంత సుళువు.

వయసు తక్కువ కావడం వల్ల లోపలి నిర్మాణం మారుతూ వచ్చింది. ఇవాళ నేర్చుకున్న స్క్రీను ఏడాది తర్వాత అలాగే ఉంటుందని చెప్పలేం. లైసెన్సు ఎంఐటీ, అంటే ఎవరైనా తీసుకుని తమ మార్పులు దాచేసుకోవచ్చు కూడా. అందుకని దీన్ని ఒక కంపెనీ చేత పెట్టించుకుంటుంటే, అసలు కేర్‌నే ఇస్తున్నారా లేక తమ సొంత ముక్క కలిపి తలుపు మూసేస్తున్నారా అని కాగితం మీద రాయించుకోండి. ఏజీపీఎల్ ఉన్న బామ్ని విషయంలో ఈ బెంగ తక్కువ. దాన్ని మార్చి నెట్‌వర్క్ ద్వారా సేవగా ఇచ్చేవాళ్లు, వాడేవాళ్లకు ఆ మార్పుల కోడ్ కూడా ఇవ్వాలి.

మార్లీ, గ్నూ హెల్త్

ఈఆర్‌పీనెక్స్ట్ లెక్కల సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకు మార్లీ బంధువే. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, జీఎస్టీ బిల్లు, సప్లయర్ బాకీ, అన్నీ పద్ధతిగా ఉంటాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌కూ, మార్లీకీ పునాది అయిన ఫ్రాపే వచ్చిన కుర్రాళ్లను వెతుక్కోవడం కూడా మిగతావాటితో పోలిస్తే తేలిక. కేస్ షీటు రాసే చోటికి వచ్చేసరికి మాత్రం లెక్కల పుస్తకంలో వైద్యం రాస్తున్నట్టుంటుంది. డయాగ్నొస్టిక్ సెంటర్‌కు, ఫిజియోథెరపీ సెంటర్‌కు, ఫార్మసీ పెద్దగా ఉన్న నర్సింగ్ హోంకు ఇది సరిపోతుంది.

గ్నూ హెల్త్‌ను లూయిస్ ఫాల్కన్ అనే వైద్యుడు మొదలుపెట్టారు. జబ్బును కుటుంబం, ఇల్లు, తాగే నీటితో కలిపి చూడాలన్న ఆలోచన దీనిలో ఉంది. ఆ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ మా చుట్టుపక్కల దీన్ని నడిపినవాడు ఒక్కడూ దొరకలేదు. మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వాళ్లు చూడొచ్చు.

పదేళ్లు బతికేదేది

రెండు కథలు చెబుతాను. హాస్పిటల్‌రన్ అని ఒకటుండేది. ఇంటర్నెట్ లేకపోయినా నడవడం దాని గొప్ప. అందంగా ఉండేది, చాలామంది మెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ ప్రాజెక్టు ఆగిపోయింది, కోడ్ చదువుకోవడానికి మాత్రం ఉంది. మెచ్చుకున్నవాళ్లు వేలమంది, రోజూ కూర్చుని పని చేసే చేతులు మాత్రం పట్టుమని లేవు.

రెండోది విస్టా. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల కోసం 1970ల చివర మొదలైంది, మంప్స్ అనే పాత భాషలో రాసింది. అక్కడి సమాచార హక్కు చట్టం ద్వారా దాని కోడ్ జనానికి దొరికింది. 2018లో దాన్ని మార్చేయడానికి సెర్నర్ కంపెనీతో దాదాపు 1,000 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. 2020 అక్టోబరులో స్పోకేన్‌లో మొదటి ఆసుపత్రి మారింది. సమస్యలు పెరిగి 2023 ఏప్రిల్‌లో మిగతా చోట్ల మార్పు ఆపేశారు. అప్పటికీ ఎక్కువ ఆసుపత్రులు ఆ ముసలి విస్టా మీదే నడుస్తున్నాయి. దాన్ని మీరు పెట్టుకోమని చెప్పను. అది ఎందుకు నిలిచిందో మాత్రం గమనించండి. వాడేవాళ్ల దగ్గరే దాన్ని బాగుచేసేవాళ్లు ఉన్నారు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది మూడో సంగతి. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ మీద పనిచేసే ఎన్నో ఆఫ్రికా ప్రాజెక్టులకు అమెరికా హెచ్‌ఐవీ సాయమే ఆధారం. 2025 జనవరిలో ఆ దేశం విదేశీ సాయాన్ని ఆపినప్పుడు ఆ ప్రాజెక్టులన్నిటికీ టెన్షన్ పట్టుకుంది. కోడ్ ఎక్కడికీ పోదు. రాసే మనుషులు పోవచ్చు. అందుకే ఎంచుకునే ముందు ఆ ప్రాజెక్టు కోడ్ పేజీ తెరిచి, చివరి విడుదల ఎప్పుడో, గత ఆరు నెలల్లో ఎన్ని వేర్వేరు సంస్థల వాళ్లు మార్పులు చేశారో చూడండి. ఒకే సంస్థ అయితే అనుమానించండి.

మన దేశంలో ఏది నిలుస్తుందన్నది చాలావరకు ఏబీడీఎం తేలుస్తుందని నా అంచనా. ఆభాతో కలవని సాఫ్ట్‌వేర్‌ను చిన్న ఆసుపత్రి కూడా ఎక్కువకాలం ఉంచుకోదు. ఆ లెక్కన బామ్ని, కేర్, మార్లీ ముందున్నాయి. డాక్టరు మాట్లాడుతుంటే విని నోట్సు రాసే ఏఐ పనిముట్లు ఎలాగూ వస్తాయి. "అయ్యా, మూడు రోజుల్నించి ఒళ్లు సలుపుతోంది" అన్న మాటను సరైన కాన్సెప్ట్‌కు అతికించాలంటే కింద పద్ధతైన పదకోశం ఉండాలి. అక్కడ ఓపెన్‌ఎంఆర్‌ఎస్ కుటుంబానికి మంచి పునాది ఉంది.

ఎవరికి ఏది

ఒక్క డాక్టరు, ఓపీ మాత్రమే, రోజుకు నలభై యాభై మంది: ఓపెన్‌ఈఎంఆర్ లేదా బామ్ని లైట్. కంప్యూటర్ తెలిసినవాళ్లు ఇంట్లో గానీ స్నేహితుల్లో గానీ లేకపోతే రెండూ వద్దు, నెలకింత కట్టే ఏబీడీఎం సాఫ్ట్‌వేర్ తీసుకుని, డేటా ఎప్పుడడిగినా ఇచ్చేలా ఒప్పందం రాయించుకోండి. ఓపెన్ సోర్స్ మీద నాకెంత ప్రేమున్నా ఈ మాట చెప్పక తప్పదు.

20 నుంచి 100 పడకలు, సొంత ల్యాబ్: బామ్ని. నిర్వహణకు బయటి సంస్థతో ఏడాది ఒప్పందం తప్పనిసరి.

ట్రస్టు ఆసుపత్రి, పల్లెల్లో క్యాంపులు, ఇంటికెళ్లి చూసే నర్సులు: కేర్‌ను ముందు చూడండి, తర్వాత బామ్ని.

కంటి ఆసుపత్రి లాంటి ఒకే స్పెషాలిటీ అయితే వీటిలో ఏదీ నేరుగా సరిపోదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ తనకోసం ఐస్మార్ట్ అని సొంతంగానే కట్టుకుంది. అంత బలం లేనివాళ్లు ఓపెన్‌ఎంఆర్‌ఎస్ మీద ఫారాలు కట్టించుకోవడం మంచిది.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు ఎక్కువ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. వాటి ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు ముందు తీసుకునే అనుమతి) ప్రభుత్వ పోర్టల్‌లోనే ఎక్కించాలి. వీటిలో ఏది పెట్టినా ఆ పని తగ్గుతుందని నమ్మకండి. ఫొటోలు, రిపోర్టులు ఒకేచోట దొరకడం వల్ల వెతుక్కునే పని మాత్రం తగ్గుతుంది.

పెట్టే ముందు చేసి చూడాల్సినవి

డెమో చూపించేవాళ్లు ఎప్పుడూ తేలిక పేర్లే టైప్ చేస్తారు. మీరు వెంకటేశ్వర్లు అని టైప్ చేయించండి. ఇంగ్లిష్‌లో దానికి కనీసం ఐదు స్పెల్లింగులున్నాయి. ఒక స్పెల్లింగుతో ఎక్కించి, ఇంకో దానితో వెతికించండి. దొరక్కపోతే ఒకే మనిషికి ఆరు నెలల్లో మూడు రికార్డులు తయారవుతాయి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్క అక్షరంగా. సాఫ్ట్‌వేర్ ఏమో మొదటి పేరు, చివరి పేరు విడివిడిగా అడుగుతుంది. కౌంటర్లో ఉన్న ముగ్గురూ మూడు రకాలుగా నింపుతారు. మొదటిరోజే ఒక పద్ధతి రాసి గోడకు అంటించండి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఉంటుంది కాబట్టి దానితో వెతికితే నలుగురు రావాలి, ఒక్కరే రాకూడదు.

కరెంటు తీసేసి చూడండి. యూపీఎస్ ఎంతసేపు మోస్తుందో, మళ్లీ వచ్చాక అన్ని భాగాలూ వాటంతటవే లేస్తాయో లేదో తెలుస్తుంది.

బ్యాకప్ తీశామని చెప్పడం చాలదు, వేరే మెషీన్‌లో తిరిగి ఎక్కించి చూడాలి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద సంస్థే చాలా రోజులు కాగితం మీద నడిచింది. ఒక కాపీ నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా, తాళం వేసిన బీరువాలో ఉండాలి.

పాత కేస్ షీట్లన్నీ స్కాన్ చేయాలన్న ఉత్సాహం వద్దు. వచ్చిన పేషెంటుది వచ్చినప్పుడే ఎక్కించండి. షుగరు, బీపీ, డయాలిసిస్ వాళ్లవి మాత్రం ముందే ఎక్కించుకుంటే చాలు.

అన్నయ్య చివరికి బామ్ని పెట్టించాడు. ఓపీ, ల్యాబ్, వార్డు దానిలోనే నడుస్తున్నాయి. ఫార్మసీ ఆయన మాత్రం తన పాత బిల్లింగ్ వదలనన్నాడు, సాయంత్రం ఒకసారి లెక్క సరిచూసుకుంటున్నారు. పాత తొమ్మిదేళ్ల డేటాలోంచి పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు బయటికి తీయించగలిగాం. రాసిన నోట్సు రాలేదు. ఆ మెషీన్‌ను స్టోర్ రూమ్‌లో సెలైన్ పెట్టెల పక్కన గుడ్డ కప్పి ఉంచారు.